పంతొమ్మిది చేతి తప్పులు

కిందటి వారం కథ ఎక్కడ ఆగిందంటే, మెట్ల దగ్గర ఆగింది. ఆదివారం మధ్యాహ్నం మూడున్నరకి, మేస్త్రి ఉండే ఇంటి మెట్ల కింద, ఒక కాలు ముందుకూ ఒక కాలు వెనక్కూ వేసి నిలబడి ఉంది చిన్న డాక్టరు.

డాక్టరంటే సూదిమందు డాక్టరు కాదు. బ్యాటరీల మీద పరిశోధన చేస్తూ, ఇంకా పట్టా చేతికి రాని డాక్టరు. వాళ్లింట్లో బడి దాటి కాలేజీ గడప తొక్కిన మొదటి మనిషి. వీధిలోవాళ్లు మోకాళ్ల నొప్పులకి మందు అడగడానికి వస్తే, "దానికేం తెలీదమ్మా, అది కరెంటు డాక్టరు" అని తల్లే చెప్పి పంపేస్తుంది. ఆ పేరు ల్యాబులో మొదట పెట్టింది, అక్కడ బ్యాటరీ బిళ్లలు బిగించే మేస్త్రే. ఆమె చేరిన రోజునే, "పెద్ద డాక్టరు ప్రొఫెసరు గారు, చిన్న డాక్టరు నువ్వు, కాంపౌండర్ని నేను" అన్నాడు.

ఆ ల్యాబు రెండేళ్లు ప్రభుత్వపు నిధుల కోసం ఎదురుచూసింది. ఎప్పుడు అడిగినా "పరిశీలనలో ఉంది" అనే జవాబు తప్ప ఇంకోటి రాలేదు. ఆఖరికి కంపెనీ వచ్చింది. బొగ్గు కాల్చి కరెంటు చేసే కంపెనీ. బొగ్గు రోజులు దగ్గరపడ్డాయని దానికి అందరికంటే ముందే తెలుసు. ఎండ కాసినప్పుడు పుట్టిన కరెంటుని దాచిపెట్టి, పొద్దు వాలాక వాడుకునే బ్యాటరీ దానికి కావాలి. చల్లటి గదులూ ఏసీలూ అక్కర్లేకుండా, ఎంత ఎండకైనా రేకుల షెడ్డులో నిలబడే బ్యాటరీ కావాలి. కంపెనీలో పరిశోధన వ్యవహారాలు చూసే పెద్దసారు స్వయంగా వచ్చి, ల్యాబులో కాలు విరిగిన స్టూలు మీద జాగ్రత్తగా కూర్చుని, "మీకేం కావాలమ్మా?" అని అడిగాడు. ఆమె బతుకులో ఆ ప్రశ్న అడిగిన మొదటి పెద్దమనిషి ఆయనే. వారం తిరక్కుండా యంత్రాలు దిగాయి. ఆమె జీతమూ, మేస్త్రి జీతమూ ఆ నిధుల్లోంచే.

ఆమె చేసింది ఇది. కరెంటుని పట్టి ఉంచే కొత్త పొడితో మేస్త్రి బిగించిన ఇరవై నాలుగు బ్యాటరీ బిళ్లల్ని నలభై ఐదు డిగ్రీల వేడి పెట్టెలో పెట్టారు. ఒకసారి నింపి ఒకసారి ఖాళీ చేస్తే ఒక చుట్టు. పన్నెండో చుట్టులో కొన్ని, పదమూడో చుట్టులో కొన్ని, మొత్తం పంతొమ్మిది బిళ్లలు కప్పల్లా ఉబ్బి చచ్చాయి. ల్యాబులో ఒక పాత నియమం ఉంది. పది చుట్ల లోపు చచ్చిన బిళ్లకి పొడి కారణం కాదు, లోపల పొరలు వంకరగా పడ్డాయని అర్థం. దాన్ని బిగించినవాడి ఖాతాలో "చేతి తప్పు" అని రాసి, లెక్కలోంచి తీసేస్తారు. కొత్త బిళ్ల సర్దుకోవడానికి మొదట నాలుగు చుట్లు నెమ్మదిగా తిప్పుతారు. అప్పటిదాకా ఆ నాలుగూ లెక్కలోవే. ఆ రోజు ఆమె ఆ నాలుగింటినీ లెక్కలోంచి తీసేసింది. పన్నెండు ఎనిమిదైంది. పదమూడు తొమ్మిదైంది. పంతొమ్మిది చావులూ పది లోపలికి వచ్చేశాయి. "నాలుగు చుట్లు తీసేశావేం?" అని ప్రొఫెసరు అడిగితే, "వేరే ల్యాబుల్లో తీసేస్తున్నారు సార్" అంది. అదీ అబద్ధం కాదు. తీసేసే చోట్లూ ఉన్నాయి. మిగిలిన ఐదూ నిక్షేపంలా తిరుగుతూనే ఉన్నాయి కాబట్టి, ఈ పొడి వేడిని తట్టుకుంటుందని నివేదిక వెళ్లింది. నిధులు ఇంకో మూడేళ్లకి పొడిగించారు. ఇన్ని చేతి తప్పులు చేసినవాడి ఒప్పందం మాత్రం పొడిగించలేదు.

అలా చెయ్యమని ఆమెకి ఎవరూ చెప్పలేదు. పెద్దసారు గానీ, ప్రొఫెసరు గానీ ఒక్క మాట అనలేదు. అన్నా బాగుండేది, వాళ్ల మీదికి నెట్టుకోవడానికి ఒక ఆసరా ఉండేది.

మూడో అంతస్తులో తలుపు తీసింది మేస్త్రి భార్య.

"నువ్వా తల్లీ! నీళ్లమనిషేమో అనుకున్నాను. రా, రా. ఏమండీ, మీ డాక్టరమ్మ వచ్చింది."

"ఏ డాక్టరు?" లోపల్నుంచి మేస్త్రి గొంతు. "ఫీజు తీసుకునే డాక్టరైతే లేనని చెప్పు."

ముందు గది ఇరుకుగా, శుభ్రంగా ఉంది. కిటికీ దగ్గర బల్ల, దాని మీద పాత గడియారాల సామాను ఉన్న రేకు డబ్బా. గడియారాలు కట్టుకోవడం జనం మానేసేదాకా ఆయన గడియారాలు బాగుచేశాడు. ఆ తర్వాత ల్యాబుకి వచ్చి, గాజు పెట్టెలో రబ్బరు తొడుగులు వేసుకుని, పొర మీద పొర పేర్చి బిళ్లలు బిగించాడు. అరవై దాటిన మనిషి. లేచి నిలబడ్డాడు గానీ, చేతులు కట్టుకుని, వేళ్లు రెండు చంకల్లోనూ దాచుకుని నిలబడ్డాడు. చలికాలం కాదు. ఆమె చూపు అక్కడే ఆగిపోయింది.

"చిక్కిపోయావేంటి డాక్టరమ్మా? మీ మెస్సులో అన్నం కూడా కొలిచి పెడుతున్నారా?"

"బానే ఉన్నాను బాబాయ్. మీరెలా ఉన్నారు?"

"నాకేం, దొరబాబుని. పొద్దున లేవడం, పేపరు చదవడం, మీ పిన్నిని తిట్టడం, ఆవిడ చేత తిట్టించుకోవడం. ఒక్కరోజు కూడా సెలవు లేదు."

ఆమె నవ్వబోయింది. నవ్వు సగంలోనే ఇంకిపోయింది.

అంతలో పక్కింటి పెద్దాయన తలుపు నెట్టుకుని వచ్చాడు. చేతిలో కళ్లజోడు, దాని ఒక కాడ వేలాడుతోంది. "మేస్త్రీ, మర ఊడింది చూడు. చిటికెలో పని."

"నావల్ల కాదు, కొట్లో ఇచ్చుకో."

"ఈ వీధి కళ్లజోళ్లన్నీ నీ చేతి మీదే గదయ్యా బతికింది. రిటైరయ్యాక గీరొచ్చిందే నీకు."

"గీరే అనుకో. కొట్లో ఇవ్వు."

పెద్దాయన గొణుక్కుంటూ, గుమ్మం వెతుక్కుంటూ వెళ్లిపోయాడు. మేస్త్రి ఆయన వెళ్లినవైపు చూడలేదు.

"టీ పెడతా, ఇలా వచ్చి కూర్చో" అంటూ మేస్త్రి భార్య ఆమెని వంటింట్లోకి లాక్కుపోయింది. పొయ్యి వెలిగించి, గొంతు తగ్గించింది.

"చూశావుగా. ఆరు నెలల్నించీ ఇదే వరస. కప్పు నేనే అందించాలి. గిన్నె పట్టుకోడు, జారిపోతుందంటాడు. ఇప్పటిదాకా ఒక్కటీ జారింది లేదు."

"డాక్టరు దగ్గరికి వెళ్లారా పిన్నీ?"

"నరాల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాను. కాయితం మీద గీతలు గీయించాడు, వేళ్లు ఆడించమన్నాడు, ఏమీ లేదు, మీవి కుర్రాడి చేతులు అన్నాడు. ఈయనేమో ఆ డాక్టరుకే పని రాదు అన్నాడు." ఆవిడ పాలు పోసింది. "పొద్దున్నే లేచి, ఆ డబ్బాలోంచి ఆవగింజంత మరలు తీసి, ఒక పళ్లెంలోంచి ఇంకో పళ్లెంలోకి పట్టుకారుతో వేస్తాడు. రోజూ రెండు వందలు. నేను పడుకున్నట్టు నటిస్తూ చూస్తుంటాను. ఒక్కటి కిందపడదు. ఆఖరిది వేశాక చేతుల వంక చూసుకుని, 'మరి ఆ పంతొమ్మిదీ ఎలా పోయాయే?' అంటాడు. నేనేం చెప్పను? చదువుకున్నదానివి, నువ్వు చెప్పు తల్లీ. మనిషికి తెలీకుండానే చేతులు పాడైపోతాయా?"

 ఉద్యోగం పోయిందని బాధపడుతూ ఉంటాడనుకుంది చిన్న డాక్టరు. వేరే పని చూపించి, ఎలాగో సరిదిద్దుకోవచ్చనుకుంది. తను తీసేసింది నాలుగు చుట్లని కాదు, ఈ మనిషికి తన చేతుల మీద ఉన్న నమ్మకాన్ని. అది ఏ అంగట్లో దొరుకుతుందని తెచ్చిపెట్టడానికి?

ముందు గదిలోకి వచ్చి, కూర్చోకుండానే మొదలుపెట్టింది. కూర్చుంటే చెప్పలేనని తెలుసు.

"బాబాయ్, ఆ పంతొమ్మిది బిళ్లలూ మీ చేతిలో పోలేదు."

మేస్త్రి పేపరు మడుస్తున్నాడు. మడవడం ఆపలేదు. "పోనీలే అమ్మా. అయిపోయిన పెళ్లికి బాజాలెందుకు? ఓదార్చడానికి ఇంత దూరం రావాలా?"

"ఓదార్చడం కాదు. నేను లెక్క మార్చాను. అవి పన్నెండో చుట్టులో, పదమూడో చుట్టులో పోయాయి. మొదటి నాలుగూ నేను తీసేశాను."

పేపరు ఆగింది.

"సర్దుబాటు చుట్లు తీసేశావా?"

"తీసేశాను."

"ఎప్పుడూ కలుపుతాం కదా."

"ఆ ఒక్కసారే తీసేశాను."

ఆయన కళ్లు మూసుకున్నాడు. గాజు పెట్టె ముందు కూర్చుని, బిళ్ల మూత పడేటప్పుడు వచ్చే టిక్కు కోసం చెవి ఒగ్గినప్పుడు అలాగే మూసుకునేవాడు. "పన్నెండు, పదమూడు. అన్నీ ఆ రెండు చుట్లలోనే?"

"అన్నీనూ."

"చెయ్యి తప్పితే ఒకటి మూడో చుట్టులో పోవాలి, ఒకటి ఏడులో పోవాలి, ఒకటి ముప్ఫైలో పోవాలి. అన్నీ కూడబలుక్కున్నట్టు ఒక్క దగ్గరే పోవు." కళ్లు తెరిచాడు. "పొడి."

"పొడే బాబాయ్. వేడికి ఆగదు."

ఆయన చంకల్లోంచి చేతులు తీశాడు. మోకాళ్ల మీద పెట్టుకుని, తిప్పి చూసుకున్నాడు, ఎవరో ఎరువు తీసుకుని తిరిగి ఇచ్చిన సామాను చూసుకున్నట్టు. వంటింటి గుమ్మంలో టీ పళ్లెంతో ఆయన భార్య నిలబడిపోయింది.

"ఎన్నాళ్లుగా తెలుసు నీకు?"

"ఎనిమిది నెలలు. మొదట్నుంచీ."

"నన్ను సాగనంపిన రోజున తెలుసా?"

"తెలుసు."

"ఆ రోజు మాట్లాడింది నువ్వే కదమ్మా." ఆయన గొంతులో కోపం లేదు. "'మా బాబాయ్ చేతులు బంగారం' అన్నావు. అందరూ చప్పట్లు కొట్టారు. నేను సిగ్గుతో చచ్చిపోయాను. తప్పులు చేసినవాడిని ఇంత గౌరవంగా పంపుతోంది ఈ పిల్ల, ఎంత మంచిది అనుకున్నాను. ఇంటికొచ్చి మీ పిన్నికి అదే చెప్పాను."

"చెప్పారు" అంది ఆవిడ గుమ్మంలోంచి. ఆ ఒక్క మాటే అంది. టీ పళ్లెం బల్ల మీద పెట్టి, ఒక కప్పు భర్త ముందుకి జరిపి, రెండోది చిన్న డాక్టరు ముందుకి జరపకుండా వెళ్లి గోడవార కుర్చీలో కూర్చుంది.

"ఎందుకు చేశావో అదీ చెప్పు" అన్నాడు మేస్త్రి.

"భయపడ్డాను బాబాయ్. నిధులు ఆగిపోతే ల్యాబు మూతపడుతుంది. పెద్దసారు మనల్ని నమ్మి డబ్బు పెట్టాడు. ఆయన ముందు నిలబడి, ఈ పొడి పనికిరాదు అని చెప్పడానికి నోరు రాలేదు."

"అడిగాడా ఆయన, బాగుందని చెప్పమని?"

"లేదు. 'ఉన్నది ఉన్నట్టు చెప్పమ్మా' అన్నాడు. ఎప్పుడూ అదే అంటాడు."

"మరి చెప్పలేదేం?"

"ఉప్పు తిన్నాను కదా అనుకున్నాను."

మేస్త్రి చిన్నగా నవ్వాడు. ఆ నవ్వు ఆమె మీద కాదు. "నువ్వొక్కదానివే తినలేదులే. మూడు వారాల కిందట వాళ్ల మనుషులు వచ్చారు. ఈ పొడి బ్యాటరీలతో పెద్ద షెడ్డు వేశారటగా, దానికి భద్రతా కమిటీ వాళ్లు ఒప్పుకోవాలట. ఇరవై నాలుగులో పంతొమ్మిది ఎందుకు పోయాయి అని వాళ్ల ప్రశ్న. నన్నేమీ బలవంతపెట్టలేదు. మీకు గుర్తున్నది చెప్పండి చాలు అన్నారు. నేనే కాయితం తీసుకుని, నా చేతుల్లో పట్టు తగ్గడం వల్లే అవి పోయాయని రాసి సంతకం పెట్టాను. నిజమనుకునే రాశాను."

చిన్న డాక్టరు అప్పుడు కూర్చుంది.  ఆ కాయితం సంగతి ఆమెకి తెలియదు.

"ఆ తర్వాత వారం రోజులకి మీ పెద్దసారు ఫోన్ చేశాడు. మా అమ్మాయికి షెడ్డులోనే ఉద్యోగం ఇస్తానన్నాడు. లంచం కాదమ్మా అది. ముసలాడి చేతులు పోయాయని జాలిపడ్డాడు, అంతే. రేపు ప్రారంభం. దానిదే మొదటి షిఫ్టు." మేస్త్రి టీ కప్పు ఎత్తాడు. భార్య అందించకుండా తనే ఎత్తాడని ఆయన గమనించలేదు. భార్య గమనించింది. "నా చేతులు బాగున్నాయని నాకు తెలిసింది. నాకది చాలు. ఇంక ఈ మాట ఇక్కడితో ఆపేద్దాం."

"బాబాయ్..."

"నువ్వు చెబితే నీ చదువు పోతుంది. నా సంతకం అబద్ధపు సంతకం అవుతుంది. పిల్ల ఉద్యోగం పోతుంది. ల్యాబులో ఇంకో పదిమంది పొట్ట మీద కొట్టినట్టవుతుంది. గోటితో పోయేదాన్ని గొడ్డలిదాకా తెచ్చుకోవడం దేనికి? వెళ్లు. తిని పడుకో. నేను నిన్నేమీ అనలేదు, అనను."

ఇక్కడ దాచకుండా చెప్పుకోవాల్సిన సంగతి ఒకటుంది. ఆ మాట విన్నాక చిన్న డాక్టరుకి గుండె తేలికైంది. ఎనిమిది నెలల తర్వాత మొదటిసారి నిండుగా ఊపిరి తీసుకుంది. క్షమించాడు, పైగా నోరు మూసుకోమని ఆయనే అంటున్నాడు, ఇంకేం కావాలి అనుకుంది. అనుకున్న మరుక్షణమే తన మీద తనకే అనుమానం వచ్చింది. ఒప్పుకోవడానికి వచ్చానని తనకి తాను చెప్పుకుంది గానీ, నిజానికి ఈ అనుమతి కోసమే వచ్చిందా?

మెట్ల మీద అడుగుల చప్పుడు. తలుపు తోసుకుని మేస్త్రి కూతురు వచ్చింది. ఒక చేతిలో ఇస్త్రీ చేయించిన నీలం యూనిఫాం, ఇంకో చేతిలో కొత్త బూట్ల పెట్టె.

"అక్కా! మీరెప్పుడు వచ్చారు? చూడండి, ఈ బూట్లు ఒక్కోటి రెండు కిలోలుంది. దొంగని తన్నడానికి పనికొస్తాయి, నడవడానికి కాదు."

ఎవరూ నవ్వలేదు. ఆ పిల్ల ముగ్గురి మొహాలూ చూసింది. "ఏంటి, ఎవరన్నా పోయారా?"

"ఆ షెడ్డులో ఎంత వేడి ఉంటుందమ్మా?" అన్నాడు మేస్త్రి.

"ఇప్పుడెందుకు నాన్నా అది?"

"అడిగినదానికి చెప్పు."

"గురువారం ట్రైనింగు అయ్యేటప్పుడు నలభై నాలుగు చూపించింది. రేకుల కప్పు కదా. ఫ్యాన్లు చాలట, మన ల్యాబు వాళ్లే రాసిచ్చారట ఏసీ అక్కర్లేదని." చిన్న డాక్టరు వైపు తిరిగి నవ్వింది. "మీ చలవే అక్కా, మేం ఉడికి చస్తున్నాం."

మేస్త్రి కప్పు కింద పెట్టాడు. చిన్నగా ఉన్న ఆ గదిలో ఆ చప్పుడు పెద్దగా వినిపించింది. ఇందాక పొడి చెడ్డదని ఆయనకి తెలిసింది, చేతులు మంచివని తెలిసింది. ఆ రెంటి సంతోషంలో మూడోది తట్టలేదు. ఇప్పుడు తట్టింది. అరచేతిలో ఇమిడే బిళ్ల ఉబ్బితే వేడి పెట్టె మసిబారింది. షెడ్డులో ఉన్నవి మనిషెత్తు అలమారాలు, మూడు వందలు.

"రేపు నువ్వు వెళ్లొద్దు" అన్నాడు కూతురితో.

"ఏంటి నాన్నా, మొదటి రోజే? నేను వెళ్లకపోతే పక్క షిఫ్టు అమ్మాయిని వెయ్యాలి. దానికి చంటిపిల్ల ఉంది. ఎందుకు వెళ్లొద్దో చెప్పు."

ఆయన చిన్న డాక్టరు వైపు చూశాడు. ఇందాక వద్దన్న నోటితోనే చెప్పమనలేక, చూడటం మాత్రం చూశాడు.

"నేను చెబుతాను" అంది ఆమె. చెప్పింది. రెండోసారి చెప్పడం తేలికేమీ కాలేదు. పన్నెండు, పదమూడు, తీసేసిన నాలుగు, నలభై ఐదు డిగ్రీలు. వింటున్న పిల్ల మొహంలో నవ్వు దశలవారీగా ఆరిపోయింది. బూట్ల పెట్టె మంచం మీద పెట్టింది.

"అక్కా, మా నాన్న ఆరు నెలల్నించీ నా తల దువ్వడం మానేశాడు. చిన్నప్పట్నుంచీ జడ ఆయనే వేసేవాడు. చేతులు వణికి లాగేస్తానేమోనని మానేశాడు." ఆ పిల్ల కళ్లు తుడుచుకోలేదు, కోపంగా అలాగే వదిలేసింది. "అది మనం తర్వాత మాట్లాడుకుందాం. పెద్దసారు నంబరు నా దగ్గరుంది. మీరు చెబుతారా, నేను చెప్పనా?"

"నీ ఉద్యోగం..." అంది తల్లి గోడవార నుంచి.

"ఉబ్బిన బ్యాటరీ పక్కన ఉద్యోగమేంటమ్మా."

పిల్ల నంబరు నొక్కి, స్పీకరు పెట్టి, ఫోను బల్ల మీద, రేకు డబ్బా పక్కన పెట్టింది. నాలుగోసారి మోగుతుండగా ఎత్తారు. వెనక ఏదో పెద్ద హోరు.

"సార్, నేను సార్. ల్యాబు నుంచి" అంది చిన్న డాక్టరు.

"మన చిన్న డాక్టరా!" పెద్దసారు గొంతు సంతోషంతో పొంగిపోయింది. "నీకు నూరేళ్లమ్మా. ఇప్పుడే నీ గురించి చెబుతున్నా ఇక్కడ అందరికీ. రేపు పెద్దవాళ్ల ముందు మొరాయిస్తే పరువు పోతుంది కదా, అందుకని చడీచప్పుడు లేకుండా శుక్రవారం పొద్దున్నే మొదలుపెట్టేశాం, రాత్రింబవళ్లు ఆపకుండా నింపుతూ ఖాళీ చేస్తూనే ఉన్నాం. దివ్యంగా తిరుగుతోంది. షెడ్డు మధ్యలో నిలబడి మాట్లాడుతున్నా నీతో. నాతో పాటు ఇరవైమంది ఉన్నారు."

చిన్న డాక్టరు బల్ల అంచు పట్టుకుంది. "సార్, ఇప్పటికి ఎన్ని చుట్లు అయ్యాయి?"

"పన్నెండు పూర్తయ్యాయి. పదమూడోది సగంలో ఉంది. ఎందుకూ?"

మేస్త్రి కుర్చీలోంచి లేచాడు.

"సార్, అందరూ బయటికి వచ్చెయ్యండి. వెంటనే. నేను మీకు తప్పు లెక్క రాసిచ్చాను."

హోరు. హోరు వెనక ఎవరివో నవ్వులు.

"ఫ్యాన్ల మోతలో వినపడలేదమ్మా. గట్టిగా చెప్పు" అన్నాడు పెద్దసారు.